దివాలా కోర్టు పొలిమేరలు

1787లో అమెరికా రాజ్యాంగం రాసినవారు దివాలాపై దేశమంతటికీ ఒకే చట్టం చేసే అధికారాన్ని మొదటి అధికరణంలో కాంగ్రెస్‌కిచ్చారు. తీర్పు చెప్పే అధికారాన్ని మాత్రం మూడో అధికరణంలో, సత్ప్రవర్తన ఉన్నంతకాలం పదవి, తగ్గించరాని జీతం గల జడ్జిలకే కట్టబెట్టారు. ఈ రెంటి మధ్య గట్టు ఎక్కడో తేల్చే అవసరం చాలాకాలం రాలేదు. బాకీ పడితే జైలే గతి అయిన రోజులవి. సుప్రీంకోర్టు న్యాయమూర్తి జేమ్స్ విల్సన్‌కే ఆ గతి తప్పలేదు. 1800, 1841, 1867 నాటి దివాలా చట్టాలేవీ ఎక్కువకాలం నిలవలేదు.

నిలిచింది 1898 చట్టం. దాని కింద జిల్లా కోర్టుకు తోడుగా రిఫరీలు వచ్చారు. ఐపీ పెట్టినవాడి ఆస్తి కోర్టు స్వాధీనంలో ఉన్నంతమేర రిఫరీ మాట చెల్లేది. బయటివాడితో తగాదా వస్తే, అతను ఒప్పుకుంటే తప్ప, మామూలు కోర్టుకే పోవాలి. 1973లో రిఫరీకి జడ్జి హోదా దక్కింది. 1978లో కాంగ్రెస్ దివాలాతో ముడిపడిన దావాలన్నీ ఆ జడ్జి ముందుకే తెచ్చింది. పదవి మాత్రం పద్నాలుగేళ్లకే కట్టేసింది. పెత్తనమంతా ఇచ్చి పదవి దగ్గర చూపిన ఈ పిసినారితనమే కొంప ముంచిందని నా అభిప్రాయం.

నార్తర్న్ పైప్‌లైన్ అనే కంపెనీ 1980లో దివాలా కోర్టుకెక్కి, ఒప్పందం ఉల్లంఘించారంటూ మారథాన్ కంపెనీపై అక్కడే దావా వేసింది. రాష్ట్ర చట్టం కింద నడవాల్సిన మామూలు వ్యాజ్యమది. జీవితకాల పదవి లేని జడ్జి దాన్ని తేల్చడం చెల్లదని 1982 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం దిద్దుకోమని అక్టోబరు దాకా, తర్వాత డిసెంబరు దాకా గడువిచ్చినా కాంగ్రెస్ కదలలేదు. జిల్లా కోర్టులు తాత్కాలిక నిబంధనతో ఏడాదిన్నర బండి లాగాయి. 1984లో చట్టం మారింది: దివాలాకు ప్రాణమైన వ్యవహారాల్లో దివాలా జడ్జి తుది తీర్పు చెప్పవచ్చు, తక్కినవాటిలో సిఫారసే, తీర్పు జిల్లా జడ్జిది.

ఆ విభజనా పూర్తిగా నిలవలేదు. టెక్సస్ కోటీశ్వరుడు హోవర్డ్ మార్షల్ భార్య విక్కీకీ, కొడుకు పియర్స్‌కీ నడుమ సాగిన వారసత్వ తగాదాలో దివాలా కోర్టు ఆమెకు 42 కోట్ల డాలర్లకు పైగా ఇప్పించింది. ఇద్దరూ కన్నుమూశాక, 2011లో, చట్టం అనుమతించినా రాజ్యాంగం ఒప్పదని 5-4తో సుప్రీంకోర్టు ఆ తీర్పు చెల్లదంది. దివాలా న్యాయవాదులకు అప్పట్నుంచి నిద్ర లేదు. 2015లో వెల్‌నెస్ కేసు ఒక దారి చూపింది: ఇరుపక్షాలూ తెలిసి, ఇష్టపడి సమ్మతిస్తే దివాలా జడ్జి తీర్పు చెల్లుతుంది. 2011 తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఈసారి విభేదించారు. 2016 డిసెంబరు నుంచి దావా వేసేవారూ, జవాబిచ్చేవారూ తమ సమ్మతి ఉందో లేదో దివాలా కోర్టులో కాగితంపై రాసివ్వాల్సిందే.