కందికి తోడు జొన్న

రెండేళ్ళ క్రితం బాతెల్‌లోని మా పెరటి మడిలో క్యాబేజీ మొక్కలు మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి తేరుకునేవి. కొన్నాళ్ళకు తేరుకోవడం మానేశాయి. పీకి చూస్తే వేళ్ళన్నీ బొడిపెలు కట్టి ఉన్నాయి. ఆ తెగులు కారకాన్ని 1878లో రష్యన్ శాస్త్రజ్ఞుడు వొరోనిన్ గుర్తించాడు. దాని సిద్ధబీజాలు మట్టిలో పదేళ్ళకు పైగా బతుకుతాయి గనుక, మూడేళ్ళ పంటమార్పిడి దానికి చాలదు. మట్టిలో దాగే శత్రువు అనగానే తెలుగు నేలవాడికి గుర్తుకు వచ్చేది కంది ఎండుతెగులు. దాని కథ మాత్రం వేరు.

ఎండుతెగులు పూత, కాయ దశల్లో బయటపడుతుంది. ఏపుగా ఉన్న మొక్కలో ఒక వైపు కొమ్మలు ఎండుతాయి. కాండం మీద మొదలు నుండి పైకి ఊదారంగు చార పాకుతుంది. బెరడు ఒలిస్తే లోపలి నాళాలు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. బీహారులోని పూసాలో పనిచేసిన ఎడ్విన్ బట్లర్ 1906లో ఈ తెగులును వర్ణించి, 1910లో కారకమైన శిలీంధ్రానికి ఫ్యుసేరియం ఉడుం అని పేరు పెట్టాడు. అది పంట మోళ్ళలో, వేళ్ళ ముక్కల్లో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటుంది. కంది వెంట కంది వేస్తే, దానికి ఏటా కొత్త వేళ్ళను అందించినట్టే.

మన మెట్ట రైతు శిలీంధ్రాన్ని చూసి ఎరుగడు. అయినా జొన్న సాళ్ళ మధ్య కంది సాలు వేసేవాడు. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్‌లో ఈ అలవాటును తెగులు సోకిన నల్లరేగడిలోనే పరీక్షించారు. నటరాజన్, నెనె తదితరులు 1985లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, జొన్నతో కలిపి వేసిన కందిలో ఎండుతెగులు బాగా తగ్గింది. ఒక ఏడాది కందికి విరామమిచ్చి జొన్న వేసినా, నేలను బీడు పెట్టినా అదే మేలు కనిపించింది. జొన్న వేళ్ళ నుండి హైడ్రోసయనిక్ ఆమ్లం వెలువడి పరిసర సూక్ష్మజీవులను ప్రభావితం చేస్తుందని 1960లలోనే భారత పరిశోధకులు చూపారు. జొన్న చేసే మేలుకు అదొక్కటే కారణమని మాత్రం నేననను.

కలుపు సంగతి మరింత తేటగా తెలుస్తుంది. కంది మొదటి రెండు నెలలూ నెమ్మదిగా ఎదుగుతుంది. ఆ ఖాళీని జొన్న ఆకు కమ్మేస్తుంది. నాలుగు నెలలకు జొన్న కోతకు రాగానే కంది కొమ్మలు విప్పుకుంటుంది. జొన్న వేరు నూగు నుండి కారే జిడ్డు బిందువులు ఇతర మొక్కల ఎదుగుదలను అణచివేస్తాయని 1986లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన నెట్జ్లీ, బట్లర్ వెల్లడించారు. ఈయన లారీ బట్లర్. పూసా బట్లర్‌కు ఎనభై ఏళ్ళ తరువాతి వాడు. ఇద్దరికీ పేరులోనే పోలిక.

జొన్నకూ శత్రువుంది. జొన్నమల్లె, అంటే స్ట్రైగా, దాని వేళ్ళకు అంటుకుని సారం పీలుస్తుంది. ఈ కలుపు 1956లో అమెరికాలోని కరొలైనాలలో కనబడి అక్కడ పెద్ద కలవరం రేపింది. దాని విత్తనాన్ని మొలిపించే స్ట్రైగాల్ అనే పదార్థాన్ని 1966లో పత్తి వేళ్ళ నుండే వేరుచేశారు. పత్తి చేలో మొలిచిన స్ట్రైగా, ఆశ్రయం దొరకక చచ్చిపోతుంది. అంటే జొన్న చేనికి నడుమ ఒక ఏడాది పత్తి కూడా మందే.

అటువంటి పత్తి తెలంగాణ మెట్టలో జొన్నను వెళ్ళగొట్టింది. నేడు కంది సాలు అనేక చోట్ల పత్తి మధ్యనే కనిపిస్తుంది. కందిలాగే పత్తి కూడా మొదట నిదానంగానే ఎదుగుతుంది గనుక తొలి వారాల్లో నేల కలుపుకు వదిలేసినట్టవుతుంది. ఆ లోటును కలుపు మందులతో, కూలితో పూడ్చుకోవలసి వస్తోంది. ఎండుతెగులును తట్టుకునే మారుతి 1986లోను, ఆశ 1993లోను విడుదలయ్యాక, జొన్న అవసరం తీరిపోయిందని చాలామంది భావించారు. అయితే ఆ శిలీంధ్రంలో రకాలు అనేకం. ఒక చోట నిలబడిన వంగడం మరొక చోట ఎండిపోవచ్చు.