తటస్థ దేశము యుద్ధములోనికి ఎట్లు వచ్చినది? – 1917 నాటి అమెరికా

సంఘ చరిత్రను స్మరించుకొను ఈ శతాబ్ది సంచికలో యుద్ధమునుగూర్చిన వ్యాసమేల అని కొందరు అడుగవచ్చును. మొదటి ప్రపంచ యుద్ధము మన ప్రాంతపు సంఘముల గుమ్మము కూడ తట్టినది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక మద్రాసు రేవుపై గుండ్లు కురిపించినది. సాలూరు, జయపురం ప్రాంతములలో సేవ చేయుచుండిన జర్మను లూథరను మిషనరీలు ఆంగ్ల ప్రభుత్వ నిర్బంధమునకు గురియైనారు. కాపరులు లేని ఆ సంఘములను ఆదుకొన్నవారు అమెరికా లూథరనులు. యుద్ధము మొదలైనప్పుడు వారి దేశము తటస్థ దేశము. అట్టి అమెరికా మూడేండ్లు నిండకముందే అదే యుద్ధములోనికి ఎందుకు దిగినది?

ఆనాటి అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ప్రెస్బిటీరియను పాదిరిగారి కుమారుడు. యుద్ధము ఆరంభమైన 1914 ఆగస్టులోనే ఆయన తటస్థత ప్రకటించి, క్రియలోనే కాదు, తలంపులో సైతము పక్షపాతము వద్దని ప్రజలను కోరారు. అందుకు మంచి కారణములే ఉన్నవి. మధ్య మహాసముద్రమున్నది. దేశములో ఆంగ్ల సంతతివారు, జర్మను సంతతివారు, ఆంగ్లేయులంటే గిట్టని ఐరిషు సంతతివారు లక్షలాదిగా ఉన్నారు.

అయితే తలంపు మారకముందే వ్యాపారము మారినది. ఆంగ్ల నౌకాదళము జర్మనీ రేవులను దిగ్బంధించుటచేత అమెరికా సరకులు ఒక పక్షమునకే చేరసాగినవి. మిత్రపక్షమునకు 1914లో సుమారు 82 కోట్ల డాలర్లుగా ఉండిన ఎగుమతులు 1916 నాటికి 320 కోట్లకు పెరిగినవి. జర్మనీకి ఎగుమతులు దాదాపు అడుగంటినవి. విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్ మొదట యుద్ధము చేయు దేశములకు అప్పులిచ్చుట తటస్థతకు తగదన్నారు. ఆ కట్టడి క్రమముగా సడలినది. 1915 అక్టోబరులో మోర్గన్ బ్యాంకు ద్వారా బ్రిటను, ఫ్రాన్సులకు 50 కోట్ల డాలర్ల అప్పు పుట్టినది. అప్పిచ్చినవాడు అప్పు పుచ్చుకొన్నవాని క్షేమము కోరక తప్పదు గదా!

1915 మే 7న జర్మను జలాంతర్గామి లూసిటానియా అను ఆంగ్ల ప్రయాణికుల ఓడను ముంచినది. చనిపోయిన సుమారు 1,200 మందిలో 128 మంది అమెరికనులు. ఆ ఓడలో తుపాకి తూటాలు కూడ ఉన్నవి. విల్సన్ జర్మనీకి కఠినముగా లేఖలు వ్రాశారు. జర్మనీని నిలదీసినట్లే బ్రిటను దిగ్బంధమును కూడ నిలదీయవలెనని బ్రయాన్ వాదము. దిగ్బంధము సరకులను ఆపును, జలాంతర్గామి ప్రాణములను తీయును, రెండును ఒకటి కావని విల్సన్ పక్షము. ఇందులో సత్యమున్నది. కాని దిగ్బంధమువలన జర్మనీలో స్త్రీలు, బిడ్డలు ఆకలికి కృశించిన మాటయు సత్యమే. 1915 జూనులో బ్రయాన్ పదవి విడిచి వెళ్లిపోయారు.

1916 చివర విల్సన్, దేశమును యుద్ధమునకు దూరముగా ఉంచిన నాయకుడన్న పేరుతోనే మరల గెలిచారు. ఇంతలో జర్మను నాయకులు ఒక లెక్క వేసికొన్నారు. ఎదురుపడిన ప్రతి ఓడను ముంచినచో బ్రిటను ఐదు నెలలలో లొంగునని, అమెరికా యుద్ధమునకు దిగినను దాని సేనలు వచ్చునాటికి అంతయు ముగియునని ఆ లెక్క. అమెరికా గోధుమలు, తూటాలు, డబ్బు అప్పటికే శత్రువుల చేతిలో ఉన్నవి గనుక, అమెరికా తటస్థముగా ఉన్నను తమకు ఒరిగేది లేదని వారనుకొన్నారు. 1917 ఫిబ్రవరి 1 నుండి జలాంతర్గాములను విచ్చలవిడిగా వదలిరి. అమెరికాతో యుద్ధము వచ్చినచో తమతో కలిసిన మెక్సికోకు టెక్సస్, న్యూమెక్సికో, అరిజోనాలు ఇప్పింతుమని జర్మను మంత్రి జిమ్మర్‌మన్ పంపిన రహస్య తంతి మార్చి 1న పత్రికలకెక్కినది. దూరపు యుద్ధము ఒక్కసారిగా పెరటి యుద్ధమైనది.

ఏప్రిల్ 2న విల్సన్ కాంగ్రెసు ఎదుట నిలిచి యుద్ధ ప్రకటన కోరారు. సెనేటులో 82 మంది ఔనన్నారు, ఆరుగురు కాదన్నారు. ప్రతినిధుల సభలో 373 మంది ఔనన్నారు, 50 మంది కాదన్నారు. ఆ సభకు ఎన్నికైన మొదటి స్త్రీ జెనెట్ రాంకిన్ కాదన్నవారిలో ఒకరు. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధములో ఉన్నది. అనేక దేవాలయములలో ప్రసంగ వేదికలే యుద్ధ భేరులైనవి. క్వేకరులు, మెన్నొనైటులు మాత్రము ఆయుధము పట్టమని నిలిచి నిందలు మోశారు. యుద్ధము ముగియునాటికి 1,16,000 మందికి పైగా అమెరికా సైనికులు మరణించారు. వారిలో సగమునకు మించినవారు రోగములవలన పోయినవారే.

కడపటి తప్పు జర్మనీదే అనుట న్యాయము. కాని ఆ దినమునకు చాల ముందే తటస్థత పేరుకు మిగిలి, లోపల కరగిపోయినది. ఇరుపక్షములకు ఒకే కొలత పట్టుకొనుటకు ఖర్చున్నది. లాభము వదలుకోవలెను, స్నేహితుని కూడ మందలింపవలెను. దొంగత్రాసునుగూర్చి ప్రవక్తలు సంతలోని వర్తకునికే చెప్పలేదు, రాజ్యములకు కూడ చెప్పారు. సమాధానపరచువారముగా పిలువబడిన సంఘము రెండు దేశముల మధ్యనైనను, రెండు కుటుంబముల మధ్యనైనను నిలుచునప్పుడు, ముందుగా తన చేతిలోని త్రాసును చూచుకొనుట మేలు.