డబ్బు నడిచే దారి ఎవరిది? – ఐర్లండు అనుభవం

ఐర్లండు పేరు వినగానే మన పెద్దవాళ్ళకు గుర్తుకు వచ్చేది వి.వి. గిరి గారు. బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన గిరి గారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళారు. అక్కడి స్వాతంత్ర్యోద్యమం ఆయనను ఆకట్టుకుంది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత ఆంగ్ల ప్రభుత్వం దేశం విడిచి పొమ్మంటే తిరిగి వచ్చారు. ఆ తిరుగుబాటులో తుపాకుల కథ చాలామందికి తెలుసు. ఆ తరువాతి పోరాటానికి డబ్బు ఎలా పోగైంది, ఏ దారిన నడిచింది, ఎక్కడ చిక్కుకుపోయింది అన్న కథ మాత్రం మన భాషలో అంతగా వినపడదు. పరాయి దేశంలో సంపాదించి ఇంటికి పంపుకునే మనవంటి వారికి ఆ రెండో కథే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం.

1919 జనవరి 21న ఐరిష్ ప్రతినిధులు డబ్లిన్‌లో సమావేశమై తమ సొంత పార్లమెంటును ప్రకటించుకున్నారు. దాని పేరు డాయిల్. ప్రభుత్వమైతే ఏర్పడింది గాని ఖజానా లేదు, పన్ను వసూలు చేసే వీలు లేదు. బ్యాంకులన్నీ ఆంగ్ల పాలన కింద ఉన్నాయి. ఆర్థికమంత్రి మైకేల్ కాలిన్స్ ప్రజల దగ్గర అప్పు తీసుకోవాలని నిశ్చయించాడు. ప్రభుత్వం నిషేధించినా దేశంలో సుమారు 3 లక్షల 70 వేల పౌండ్లు వచ్చాయి. ఆ సొమ్మును రకరకాల పేర్ల మీద ఖాతాల్లో దాచారు. కొంత బంగారంగా మార్చి డబ్లిన్‌లో ఒక ఇంటి నేల కింద పాతిపెట్టారు. ఈ ఖాతాల గుట్టు లాగడానికి అలన్ బెల్ అనే మేజిస్ట్రేటు బ్యాంకు మేనేజర్లను పిలిపించి విచారణ మొదలుపెట్టాడు. 1920 మార్చి 26న ఆయనను ట్రాములోంచి దింపి కాల్చి చంపారు. ఖాతా పుస్తకాల కోసం ఒక ప్రాణం పోయింది!

పెద్ద మొత్తం వచ్చింది అమెరికా నుంచి. 1919 జూన్‌లో అక్కడికి చేరిన డి వలేరా ఏడాదిన్నర పాటు ఊరూరా తిరిగాడు. ఏ దేశమూ గుర్తించని ప్రభుత్వం బాండ్లు అమ్మితే చట్టం ఒప్పుకోదని లాయర్లు చెప్పడంతో వాటికి 'బాండు సర్టిఫికెట్లు' అని పేరు పెట్టారు. దేశానికి గుర్తింపు వచ్చాక అసలు బాండ్లుగా మార్చి ఇస్తామని మాట. 1920 జనవరి నుంచి అమ్మకం సాగింది. పది డాలర్ల సర్టిఫికెట్లు కూడా ఉండటంతో ఇళ్ళలో పనిచేసే ఆడపిల్లలు, కూలీలు సైతం కొన్నారు. 51 లక్షల డాలర్లకు పైగా వచ్చింది. అందులో దాదాపు సగం న్యూయార్కు బ్యాంకుల్లోనే ఉండిపోయింది. ఐర్లండులో అంతర్యుద్ధం వచ్చి, ఆ డబ్బు తమదంటే తమదని రెండు పక్షాలూ వాదులాడుకున్నాయి. 1927లో న్యూయార్కు న్యాయస్థానం ఆ సొమ్ము ఏ పక్షానికీ చెందదని, ఇచ్చినవారికే తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది. మిగతా బాకీని 1930లలో డి వలేరా ప్రభుత్వం తీర్చింది. డాలరుకు మొత్తం డాలరు పాతిక సెంట్లు ముట్టాయి.

ఈ కథ చదువుతుంటే మనకు 1998 జ్ఞాపకం రాక మానదు. మే నెలలో పోఖ్రాన్ పరీక్షలు జరిగాయి, అమెరికా ఆంక్షలు విధించింది. ఆగస్టులో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ప్రవాస భారతీయుల కోసం రిసర్జెంట్ ఇండియా బాండ్లు తెచ్చింది. సుమారు 420 కోట్ల డాలర్లు వచ్చాయి. 2003లో ఆ అప్పు తీరిపోయింది. దేశాభిమానంతో పాటు మంచి వడ్డీ కూడా ఉందని ఒప్పుకోవాలి లెండి.

1922లో ఐర్లండుకు సొంత ప్రభుత్వం వచ్చింది. ఎగుమతుల్లో 90 శాతానికి పైగా బ్రిటన్‌కే పోతున్నందున 1927 చట్టంతో పుట్టిన ఐరిష్ పౌండును ఆంగ్ల పౌండుతో ఒకటికి ఒకటిగా ముడివేశారు. మన రూపాయిని ఒక షిల్లింగు ఆరు పెన్నీలకు కట్టిపడేసిన చట్టమూ అదే ఏడాదిది. అయితే ఐర్లండు తన ముడిని తానే వేసుకుంది, మన ముడి పరాయివాళ్ళు వేసింది. ఐరిష్ నాణేల మీద గుర్రం, చేప, కోడి వంటి బొమ్మలు ఎంచిన సంఘానికి కవి యేట్స్ అధ్యక్షుడు. బొమ్మలు సొంతమే, విలువ మాత్రం లండన్‌ది. 1967 నవంబరులో బ్రిటన్ తన పౌండు విలువను 14.3 శాతం తగ్గిస్తే ఐరిష్ పౌండూ అంతే దిగింది. ఐరోపా ద్రవ్య వ్యవస్థలో చేరాక 1979 మార్చి 30న గాని ఆ ముడి వీడలేదు.

ఆ తరువాత యూరో వచ్చింది. 2010 నవంబరు 19న ఐరోపా కేంద్ర బ్యాంకు అధ్యక్షుడు ట్రిషే ఐరిష్ ఆర్థికమంత్రి బ్రయన్ లెనిహన్‌కు ఒక ఉత్తరం రాశాడు. సహాయం కోసం దరఖాస్తు పెట్టుకుంటేనే మీ బ్యాంకులకు అత్యవసర నిధులు కొనసాగుతాయన్నది సారాంశం. రెండు రోజుల్లో దరఖాస్తు వెళ్ళింది, 8,500 కోట్ల యూరోల ప్యాకేజీ వచ్చింది. ఆ ఉత్తరం ప్రజల కంట పడింది 2014లో.

అదే ఐర్లండు ఐరోపా సంఘ సభ్యదేశంగా ఇతరుల దారి మూసే వైపు కూడా నిలబడింది. ప్రపంచ బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలు మోసే స్విఫ్ట్ సంస్థ బెల్జియంలో ఉంది. 2012 మార్చిలో ఐరోపా సంఘం నిబంధన ప్రకారం స్విఫ్ట్ ఇరాన్ బ్యాంకులను తొలగించింది. ఆ తగవుతో మనకు సంబంధం లేకపోయినా చమురు బాకీ ఎలా కట్టాలన్న చిక్కు మన నెత్తిన పడింది. చివరకు కొంత భాగం రూపాయల్లోనే, కలకత్తాలోని యూకో బ్యాంకు ఖాతాలో జమచేసే ఏర్పాటు జరిగింది. ఆ రూపాయలతో ఇరాన్ మన దగ్గర బియ్యం, టీ పొడి కొనుక్కుంది. అమెరికా ఇచ్చిన మినహాయింపు 2019 మేలో ముగియడంతో ఆ చమురు కొనుగోలే ఆగిపోయింది.