తొలి ప్రోగ్రాముకు ముందున్న గడప

మునేటి ఒడ్డునున్న కీసర 2022 వరకు కృష్ణా జిల్లాలోనిది, నేడు ఎన్టీఆర్ జిల్లాలోనిది. ఆ మెట్ట ప్రాంతపు పిల్లలు సి భాష మొదలుపెట్టిన తొలినాడే తమకు చదువు అబ్బదని నిరాశపడడం నేను చూచాను. ఆ నిరాశకు చరిత్రలోనే సమాధానమున్నది.

1978లో కెర్నిగాన్, రిచీలు తమ గ్రంథాన్ని లోకానికి నమస్కరించే చిన్న ప్రోగ్రాముతో ఆరంభించారు. దానిని వ్రాసి, కంపైలు చేసి, నడిపి, ఫలితమెక్కడ వచ్చిందో తెలుసుకోవడమే అసలు అడ్డంకి అని వారే చెప్పారు.

1987లో బోర్లాండ్ వారి టర్బో సి ఎడిటరునూ కంపైలరునూ ఒకేచోట కూర్చింది. డాస్ కాలానికి అది వరమే. కాలం మారినా మన తరగతి గదులనేకం దానిని విడువలేదు.

ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ తెరవలేనని అది మొరాయిస్తే తప్పు ప్రోగ్రాములో వెదకనక్కరలేదు. టీసీ ఫోల్డరు ఒకచోట, ఆప్షన్స్‌లోని డైరెక్టరీస్ చూపే దారి మరొకచోట ఉండడమే తరచుగా కారణం. ఆ దారి సరిదిద్దితే చాలును. 64 బిట్ల విండోస్ అసలు 16 బిట్ల ప్రోగ్రామును నడపదు. అక్కడ డాస్‌బాక్స్ కావాలి, లేదా జీసీసీ వంటి కొత్త కంపైలరు. అయితే పాత పాఠాలలోని క్లియర్‌స్క్రీన్ ఆజ్ఞ సి ప్రమాణంలో లేనిది, జీసీసీ దానిని సాధారణంగా గుర్తించదు. 1998 నాటి సి ప్లస్ ప్లస్ ప్రమాణంలో ఐఓస్ట్రీమ్ పేరు చివరి డాట్ హెచ్ కూడా లేదు.

ఇవన్నీ పనిముట్ల వయోభేదాలు, విద్యార్థి బుద్ధిలోని లోపాలు కావు. ఈ మాట తొలి పాఠానికి ముందే చెప్పవలసిందిగా ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి.