కోరంగివారు – బర్మావారు

యానాము చెంతనున్న కోరంగి రేవునుండి రంగూను చేరిన తెలుగువారిని బర్మీయులు ‘కోరంగీ’లనిరి. 1930లో ఓడరేవునందు తెలుగు కూలీలు సమ్మెచేయగా యజమానులు బర్మీయులను నియోగించిరి. సమ్మె ముగియగనే వారిని తొలగించిరి. ఇరువురి ఆకలియు ఒక్కటేయైనను, తన్నుకొన్నవారు కూలీలే. నూరుమందికి పైగా మడిసిరి.

1942లో జపాను దాడికి వెరచి లక్షలాది భారతీయులు స్వదేశమునకు తరలిరి. వేలమంది అడవిదారులలో అసువులు బాసిరి. 1964లో అంగళ్లు జాతీయము కాగా మరల వలస సాగెను. స్వదేశమున వీరు ‘బర్మావార’యిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు నేటికిని ఆ పేరుననే యున్నది.

అచట కోరంగివారు, ఇచట బర్మావారు! పొరుగు రాష్ట్రములందు తరతరములుగా నివసించు తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. వచ్చినవానిని విడిచివచ్చిన ఊరిపేర వేరుచేయక, సొంతపేర పిలుచుటయే ఆదరణమునకు తొలిమెట్టు.