ప్రమాణం చేస్తే తగవు తీరినట్లేనా?

కోర్టులు లేని రోజుల్లో రచ్చబండ దగ్గర పెద్దమనుషులు గంటలో తగవు తీర్చేవారని, ఇప్పుడే అంతా చెడిపోయిందని నా వయసువాళ్ళు తరచుగా అంటుంటారు. సాక్ష్యం దొరకనప్పుడు ఆ పెద్దమనుషులు ఏం చేసేవారో మాత్రం చెప్పరు. గుడికి తీసుకెళ్ళి కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యమనేవారు. చేసినవాడు గెలిచినట్లు, వెనకాడినవాడు ఓడినట్లు. చిత్తూరు జిల్లా కాణిపాకం వినాయకుడికి ఇలాంటి సత్యప్రమాణాల వల్లనే అంత పేరు వచ్చింది.

ఇది పల్లెటూళ్ళ మూఢనమ్మకం మాత్రమే అనుకుంటే పొరపాటు. బ్రిటిష్ వారి చట్టంలోనే దీనికి చోటుంది! గంగాజలం మీద, ఖురాన్ మీద ప్రమాణం చేయించే పద్ధతిని 1840లో తీసేశారు. కానీ 1873 నాటి ప్రమాణాల చట్టం 8 నుంచి 12 వరకు సెక్షన్లలో ఇంకో దారి తెరిచింది. "అవతలివాడు ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే ఆ మాటకు కట్టుబడతాను" అని ఒక పార్టీ అంటే, చేస్తావా అని కోర్టు రెండోవాడిని అడగవచ్చు. అతను సరేనంటే కోర్టు బయట ప్రమాణం చేయించడానికి ఒక మనిషిని నియమించవచ్చు. అలా చెప్పిన మాట, కట్టుబడతానన్నవాడి మీద తిరుగులేని రుజువు. ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఒక షరతు ఉంది. ఆ ప్రమాణం మూడో మనిషికి తగిలేదిగా ఉండకూడదు. అంటే పిల్లల మీద ఒట్టు చెల్లదు. ఒట్టు నిజంగానే తగులుతుందేమోనని చట్టం రాసిన దొరలకి కూడా కాస్త భయం ఉన్నట్లుంది.

ఈ పద్ధతిలో ఓడిపోయేదెవరు? నిజానికైనా ఒట్టు పెట్టకూడదని నమ్మే అమాయకుడు. గెలిచేది దేవుడికి కూడా జంకని అబద్ధాలకోరు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పత్రాలు లేని చేబదులు వ్యవహారంలో వకీలు ఖర్చు లేకుండా తగవు ముగిసేది, ఓడినవాడికి పరువూ దక్కేది. అందుకే అది అన్నాళ్ళు బతికింది. లా కమిషన్ 1964లో వద్దని సిఫారసు చేశాక, 1969 చట్టంలో ఆ సెక్షన్లు పోయాయి.

ఆ తరువాత వచ్చినవి లోక్ అదాలత్‌లు. 1982లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో మొదలైన ఈ ప్రయోగానికి 1987 నాటి చట్టం ఆధారమైంది. ఆ చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. ఇక్కడ కట్టేది దేవుడి భయం కాదు, ఇద్దరి సంతకం. కోర్టులో ఉన్న కేసు రాజీ అయితే కోర్టు ఫీజు వాపసు వస్తుంది. అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అందుకే లోక్ అదాలత్ తనంతట తాను తీర్పు చెప్పకూడదని, కుదిరిన రాజీని నమోదు చేయడమే దాని పని అని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది.

కానీ భయం పూర్తిగా పోయిందా? లారీ ప్రమాదంలో భర్త పోయిన మనిషికి ఇంటి అద్దె కట్టాల్సిన రోజు దగ్గర పడుతుంది. బీమా కంపెనీ ఒక అంకె చెబుతుంది. వద్దంటే ఎన్నేళ్ళు పడుతుందో అన్న బెదురుతో సంతకం పెట్టేస్తుంది. లెక్కల శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తోచేది ఒక్కటే. జీతమెంత, వయసెంత, రావలసింది ఎంత అన్నది ముందు కాగితం మీద వేయించుకోవాలి. రాజీ కుదరకపోతే ఫైలు తిరిగి కోర్టుకే వెళుతుంది, ఆమె హక్కు పోదు. ఈ సంగతి అక్కడ కూర్చున్నవాళ్ళే ఆమెకి ముందుగా చెప్పాలి.