ఓడ మునిగినవారికై వేసిన దారి

కెనడా దేశపు పడమటి అంచున, పసిఫిక్ మహాసముద్రములో వాంకూవర్ అనే పెద్ద ద్వీపమున్నది. దాని నైరుతి తీరాన, ఒక వంక అడవీ మరొక వంక కడలీ ఉండగా, 75 కిలోమీటర్ల కాలిబాట ఒకటి సాగిపోతున్నది. పచీనా అఖాతం దానికి ఒక కొస. గోర్డన్ నది సాగరసంగమం రెండవ కొస. వెస్ట్ కోస్ట్ ట్రెయిల్ అని దాని పేరు. పసిఫిక్ రిమ్ అనే జాతీయోద్యానంలో అది ఒక భాగం. ఏటా మే 1వ తేదీ మొదలు సెప్టెంబరు 30 వరకు వేలాది యాత్రికులు గుడారమూ, తిండిగింజలూ వీపున వేసుకొని, ఐదారు దినాలు ఈ బాటను నడుస్తారు. వారిది విహారయాత్ర. కాని ఊరూ, సంతా, పంటపొలమూ లేని ఆ చోట ఇంత పొడవైన బాటను ఒక ప్రభుత్వం సొమ్ము వెచ్చించి ఏల వేయించవలసివచ్చినది? ఆ ప్రశ్నకు సమాధానం కావాలంటే ఓడల చరిత్రను అడగవలసి ఉంటుంది.

శాన్ ఫ్రాన్సిస్కో నుండి విక్టోరియాకో సియాటిల్‌కో పోయే ఓడలు తీరం వెంబడి ఉత్తరంగా సాగి, హువాన్ డి ఫూకా అనే జలసంధి ముఖాన కుడివైపుకు తిరగాలి. ఎండకాసే దినాన ఇది సులభమైన పని. శీతకాలంలో మాత్రం రోజుల తరబడి మంచు కమ్మి సూర్యుడు కనిపించడు, నక్షత్రం కనిపించదు. ఓడ ఎంత దూరం వచ్చినదీ నావికుడు అంచనాతోనే లెక్క కట్టుకోవాలి. ఆ కాలంలోనే సముద్రప్రవాహం ఓడను తెలియకుండా ఉత్తరానికి నెట్టుతూ ఉంటుంది. జలసంధి ముఖం దాటిపోయిన సంగతి గ్రహించే లోపుగనే వాంకూవర్ ద్వీపపు రాతిమెట్టలు ఎదురవుతవి. ఇట్లు నష్టమైన ఓడల మూలాన ఆ ప్రాంతానికి ‘పసిఫిక్ శ్మశానం’ అన్న పేరు వచ్చినది.

అలల నుండి తప్పించుకొని ఒడ్డు చేరినవానికీ ఆపద తీరేది కాదు. ఎదుట నిటారుగా కొండచరియ. దానిపై సిట్కా స్ప్రూస్, హెమ్లాక్, సెడార్ వృక్షాల మహారణ్యం. ఏడాదికి 3000 మిల్లీమీటర్లకు పైబడి వాన కురిసే ఆ నేలలో కూలిన మానుల మీదనే కొత్త చెట్లు మొలుస్తవి. చలికి కొయ్యబారిన మనిషి దారి తెలియక ఆ అడవిలో ఎంత దూరం పోగలడు?

ఆ తీరం నిర్మానుష్యమేమీ కాదు. హూ-ఏ-అట్, డిటిడాట్, పచీడాట్ అనే మూడు జాతుల ఆదివాసులకు అది తరతరాల స్వదేశం. సెడార్ మాను తొలిచి చేసిన దోనెలలోను, ఊరికీ ఊరికీ మధ్యనున్న కాలిదారుల మీదను వారు రాకపోకలు సాగించినారు. నేటి బాటకు మూలం ఆ పురాతన మార్గాలే.

తరువాత దొరతనంవారు అక్కడ దీపస్తంభాలు నిలిపినారు. 1874లో కేప్ బీల్ వద్ద ఒకటి, 1891లో కార్మనా వద్ద మరొకటి వెలిగినవి. ఈ రెంటి నడుమ, 1889, 1890 సంవత్సరాలలో, విక్టోరియా నుండి ఒక తంతితీగెను చెట్టునుండి చెట్టుకు లాగి తీరం వెంట తీసుకువచ్చినారు. తీగెను కాపాడే పనివారికై అడుగున సన్నని బాటా, అక్కడక్కడ గుడిసెలూ ఏర్పడినవి. గాలివాన వచ్చి చెట్టు కూలితే తీగె తెగేది. అప్పుడు పనివాడు గొడ్డలి పట్టుకొని బయలుదేరవలసినదే. వాలెన్సియా ఓడ వచ్చేనాటికి అక్కడ ఉన్న ఏర్పాటు ఇంతమాత్రమే.

వాలెన్సియా 1906 జనవరి 20న శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి సియాటిల్‌కు ప్రయాణమైనది. దారిలో వాతావరణం చెడినది. జలసంధి ముఖం తప్పి, జనవరి 22 అర్ధరాత్రి కావస్తున్న వేళ పచీనా కొమ్ముకు చేరువలోని రాళ్ళపై ఆ ఓడ పడినది. చీకటిలో, తొందరలో దించిన ఆరు పడవలూ బోల్తాపడడమో, కొట్టుకొనిపోవడమో జరిగినది. ఒడ్డు కూతవేటు దూరంలోనే ఉన్నది. నడుమనున్న అలలను దాటడమే అసాధ్యమైనది.

ఆ రాత్రి కొట్టుకుపోయినవారిలో తొమ్మిదిమంది ఎట్లో గట్టెక్కి, మరునాడు కొండచరియ ప్రాకి, చెట్ల మధ్య తంతితీగెను చూచినారు. దాని వెంట నడచి ఒక గుడిసెను చేరుకొని, ఓడ మునుగుతున్న వార్తను అక్కడినుండి పంపినారు. ఓడలో మిగిలిన ఏడవ పడవలో కొందరు నావికులు వేరొక పనికై బయలుదేరినారు. ఓడపై తాడును దూరానికి విసరే చిన్న ఫిరంగి ఉన్నది. ఎవరైనా కొండపైకి చేరి ఆ తాడును అందుకొని చెట్టుకు బిగిస్తే, దాని ఆధారంతో ప్రయాణికులను ఒక్కొక్కరినే దాటించవచ్చును. కాని అలల ఉధృతికి ఆ పడవ చాలా దూరాన ఒడ్డు చేరినది. అడవిలో వెనుకకు రావడం వారి వశం కాలేదు. కనిపించిన బాట పట్టుకొని వారు కేప్ బీల్ దీపస్తంభం చేరినారు.

ఇంతలో ఓడనుండి ఫిరంగి ప్రేల్చినారు. ఒక తాడు తెగినది. రెండవది కొండచరియ మీదికి చేరనే చేరినది. కాని దానిని పట్టుకొనడానికి అక్కడ మనిషి లేడు.

సహాయానికి వచ్చిన ఓడలు రాళ్ళకు వెరచి దగ్గరకు రాలేకపోయినవి. తీగెబాట వెంట వచ్చిన రక్షకులు జనవరి 24న కొండపైకి చేరుకొనే సరికి వాలెన్సియా ఆఖరు ఘడియలలో ఉన్నది. వారు చూస్తూ ఉండగనే అది విచ్ఛిన్నమైనది. అమెరికా ప్రభుత్వపు విచారణ సంఘం 136 మంది మరణించినారనీ, 37 మంది బ్రతికినారనీ తేల్చినది. బ్రతికినవారిలో ఒక్క స్త్రీగాని, ఒక్క శిశువుగాని లేరు.

ఆ సంవత్సరమే డిసెంబరులో కేప్ బీల్ ఎదుట కొలోమా అనే మరొక ఓడ ఆపదలో పడినది. గాలివానకు తీగె తెగియున్నది. దీపరక్షకుడు కొలువు విడిచి కదలరాదు. అందుచేత ఆయన భార్య మిన్నీ పాటర్సన్ అనే ఇల్లాలు ఆ తుపానులోనే బయలుదేరి, పడిన చెట్ల క్రింద దూరుతూ, నీటిలో దిగి నడుస్తూ, సుమారు పది కిలోమీటర్ల అడవిబాట దాటి బామ్‌ఫీల్డ్ చేరినది. ఆమె తెచ్చిన కబురుతో క్వాడ్రా అనే ప్రభుత్వ నౌక కదలినది. కొలోమాలోని పదిమంది నావికులూ బ్రతికినారు. బాట నడవదగినదైతే ఎన్ని ప్రాణాలు దక్కునో చెప్పడానికి ఇంతకన్న దృష్టాంతం అక్కరలేదు.

వాలెన్సియా విషయమై అమెరికాలోను, కెనడాలోను విచారణలు జరిగినవి. వాటి ఫలితంగా 1907 నుండి కెనడా ప్రభుత్వం పాత తీగెబాటను వెడల్పుచేసి ప్రాణరక్షణ మార్గంగా మార్చనారంభించినది. దారి పొడవునా కొన్ని కొన్ని మైళ్ళకొక ఆశ్రయపు గుడిసె కట్టినారు. అందులో కంబళ్ళు, ఆహారం, కబురు పంపే యంత్రం ఉండేవి. ఏ దేశపు నావికుడు ఒడ్డు చేరునో తెలియదు గనుక, ఆ యంత్రం వాడే పద్ధతిని పలు భాషలలో వ్రాసి పెట్టినారు. 1908లో పచీనా కొమ్మున కొత్త దీపస్తంభం వెలిగినది. అక్కడనే ఒక నిస్తంత్రి కేంద్రం కూడ నెలకొన్నది. తీగె తెగితే మాట తెగిపోయే తీరాన తీగెతో పనిలేని మాట పుట్టినదన్నమాట. నేడు మన యిళ్ళకు వార్తనూ, పాటనూ తెచ్చే రేడియో బాల్యంలో చేసిన సేవలలో ఇది యొకటి.

ఆ నిస్తంత్రియే క్రమంగా బాట అవసరాన్ని తగ్గించినది. ఓడలకు రేడియో, పిమ్మట రాడార్ వచ్చిన తరువాత ప్రమాదాలు తగ్గి, ఇరువదవ శతాబ్ది నడుమకు వచ్చేసరికి బాటను పట్టించుకొనేవారు లేకపోయినారు. వానా, అడవీ కలసి దానిని మ్రింగివేయసాగినవి. 1970లో జాతీయోద్యానం ఏర్పడిన తరువాత, ఆ దశాబ్దంలో, దానిని నడకదారిగా పునరుద్ధరించినారు. ఆ నేలపై ఆదివాసుల హక్కుల విషయం తేలవలసి ఉన్నందున ఉద్యానానికి ‘రిజర్వు’ అన్న మాటను చేర్చినారు. ఇప్పుడు ఆ మూడు జాతులవారే బాటకు సంరక్షకులుగా నియుక్తులై, నిచ్చెనలనూ, వంతెనలనూ కనిపెట్టి ఉంటారు. నిటినాట్ ఇరుకుకాలువ వద్ద యాత్రికులను పడవపై దాటించేవారు డిటిడాట్‌వారు.

బాటపై నడిచేవానికి పాత చరిత్ర నేటికీ ఎదురుపడుతుంది. మిచిగన్ వాగు వద్ద 1893లో పగిలిన మిచిగన్ ఓడ యొక్క ఆవిరి కాగు, త్రుప్పు పట్టి, పోటు తీసినప్పుడు బయటపడుతుంది. కొన్ని ఏరులను తీగెకు వ్రేలాడే తొట్టిలో కూర్చొని చేతులతో తాడు లాగుకొంటూ దాటవలసి ఉంటుంది. నిచ్చెనల మీదనో, నాచుపట్టిన రాళ్ళ మీదనో జారి గాయపడేవారు ఏటేటా ఉంటూనే ఉన్నారు. వారిని ఉద్యానపు సిబ్బంది పడవలపై తరలిస్తారు. నాడు కొండపైకి చేరిన తాడుకు దక్కని చేయి నేడు ఆ తీరాన సిద్ధంగా ఉన్నది. విహారానికి వచ్చినవారు తెలిసో తెలియకో నడుస్తున్న ఆ దారి తన పాత కొలువును ఇంకను విడువలేదు.